లూనా కాక కమీషన్

భీమారంలో మాకొక ప్లాటు ఉండేది. 267 గజాలు, తూర్పు ముఖం, ముందు 30 ఫీట్ల రోడ్డు. రోడ్డంటే లేఅవుట్ కాగితం మీద రోడ్డే, నిజానికి అది పత్తిచేను పక్కన పోయే బండ్ల బాట. తొంభైల్లో బాపు జీపీఎఫ్ లోన్ పెట్టి కొన్నాడు. హన్మకొండ చుట్టుపక్కల పనిచేసే టీచర్లు చాలామంది అప్పట్లో అదే చేశారు. గ్రామ పంచాయతీ లేఅవుట్‌లో ఒక ప్లాటు కొని పడేస్తే పిల్లలు పెద్దయ్యేసరికి ఎందుకైనా పనికొస్తుందని. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దాటితే ఇక ఊరు అయిపోయినట్టే ఉండే రోజులవి. సంక్రాంతి సెలవుల్లో బాపు మమ్మల్ని స్కూటర్ మీద ఎక్కించుకొని అక్కడికి తీసుకుపోయేవాడు. ప్లాటులో చూసేదేమీ ఉండదు. నాలుగు మూలలా నాలుగు రాతి కడీలు నిలబడి ఉన్నాయో లేదో చూసుకొని, ఒకదాన్ని కాలితో తన్ని గట్టిగా ఉందని నమ్మకం కుదిరాక తిరిగొచ్చేవాళ్లం. దానికే అమ్మ పులిహోర కట్టిచ్చేది.

2009లో నాకు సంబంధం కుదిరింది. నేను కేయూలో ఎమ్మెస్సీ రెండో ఏడాది. పెళ్లి ఎండాకాలంలో పెట్టుకుందామన్నారు. బాపు లెక్కల సారు, ఖర్చంతా ముందే ఒక నోటుబుక్కులో వేసి పెట్టాడు. ఎటు తిప్పినా ఆ లెక్క భీమారం ప్లాటు దగ్గరికే వచ్చి ఆగింది. అమ్మాలి. అమ్మాలంటే లూనా కాకకు చెప్పాలి.

లూనా కాకను మా ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలిచేవారు కాదు. ఎప్పుడు చూసినా పాత లూనా మోపెడ్ మీద తిరిగేవాడు కాబట్టి పిల్లలం పెట్టిన పేరది, మెల్లగా అమ్మకు కూడా అలవాటైంది. అంతకు ముందు ఆయన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పత్తి, మిర్చి వచ్చే నెలల్లో ఊపిరి సలపని పని, మిగతా నెలల్లో ఖాళీ. రైతులకు ఎవరి భూమి ఎక్కడుందో తెలుసు, సేట్లకు ఎవరి దగ్గర పైసలున్నాయో తెలుసు. ఈ ఇద్దరి నడుమ కూర్చొని లెక్కలు రాసే మనిషికి రెండూ తెలుస్తాయి. అలా ఆ ఖాళీ నెలల్లో చేసే భూముల దలాలీయే చివరికి అసలు పనైంది. ఆయన కొడుకు బాపు దగ్గరే పదో తరగతి లెక్కలు చదివాడు. అందుకని వయసులో పెద్దవాడైనా బాపును 'సారూ' అనేవాడు. బాపు 'అన్నా' అనేవాడు.

దలాలీ పనంటే ఇద్దరిని కలిపి చేతులు దులుపుకోవడమే అనుకునేదాన్ని. ఆ ప్లాటు చూపించడానికి ముందు రోజు సాయంత్రం ఆయన వెంట భీమారం పోయాక ఆ అభిప్రాయం పోయింది. పార్టీ పొద్దున్నే వస్తుందట. ప్లాటు నిండా సర్కారు తుమ్మ. పక్క చేనాయన దగ్గర గొడ్డలి అడిగి తెచ్చి, లుంగీ ఎగ్గట్టి తనే కొట్టడం మొదలుపెట్టాడు. నేనూ తమ్ముడూ కొమ్మలు లాగి బయట పడేస్తుంటే "ముండ్లు జూస్కోండ్రి బిడ్డా" అని అరుస్తూనే ఉన్నాడు. నేల శుభ్రమయ్యాక రెగ్జిన్ బ్యాగులోంచి టేపు తీసి కొలిచాడు. తర్వాత అదే బ్యాగులోంచి ఒక కవరు తీశాడు. అందులో ముగ్గు పిండి! కడీ నుంచి కడీకి, వంగి వెనక్కి నడుస్తూ, గుప్పిట్లోంచి సన్నగా వదులుతూ నాలుగు దిక్కులా తెల్లటి గీత గీశాడు. ఒకచోట గీత వంకర పోతే చెప్పుతో చెరిపి మళ్లీ పోశాడు.

"ఇదంతా ఎందుకు కాకా, కడీలున్నాయి కదా" అన్నాను.

"కొనేటోనికి భూమి కనవడది బిడ్డా, గీత కనవడ్తది" అన్నాడు.

మర్నాడు పార్టీని క్రాస్ రోడ్డు వైపు నుంచి కాకుండా హసన్‌పర్తి వైపు నుంచి తిప్పి తీసుకొచ్చాడు. క్రాస్ రోడ్డు నుంచి వస్తే దారిలో మురికినీళ్లు నిలిచే గుంత ఒకటి కనిపిస్తుంది. అయితే దాన్ని దాచిపెట్టాడని అనలేను. రేటు మాట కొంచెం దగ్గరపడ్డాక తనే చెప్పాడు, "అటు దిక్కు ఒక గుంత ఉన్నది సార్, మొరం పోస్తే లెవలైతది" అని. ఏది ఎప్పుడు చెప్పాలన్నదే ఆయన విద్య.

కొనడానికొచ్చినాయన నర్సంపేట వైపు నుంచి పోయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనిషి. వెంట మామగారు. పైసలు ఆయనవేనని కాసేపట్లోనే అర్థమైంది, ఎందుకంటే అల్లుడు ప్లాటును చూస్తున్నాడు, మామగారు బాపును చూస్తున్నాడు. గజం మూడు వేల దగ్గర మాట తెగింది. మొత్తం 8,01,000. ఆ వెయ్యి ఎందుకు, ఎనిమిది లక్షలకు ఖాయం చేసుకోండి అని లూనా కాక నడుమ అందుకున్నాడు. బాపు ఒప్పుకోలేదు. 267ను మూడు వేలతో గుణిస్తే ఎంతొస్తే అంతే.

ఆ తర్వాత పది పదిహేను రోజులు కాక కాగితాల కోసం తిరిగాడు. మామగారికి ఈసీ (భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) కావాలి, లింక్ డాక్యుమెంట్లు (అంతకు ముందు అమ్మకాల కాగితాలు) కావాలి, మా కంటే ముందున్న పట్టాదారు పహాణీ (సాగు రికార్డు) నకలు కావాలి. 1983 నుంచి అయితే ఈసీ కంప్యూటర్‌లో వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో చేతిరాత పుస్తకాలు తిరగేయించాలి. ఆయనకు అంతకు ముందుదే కావాలి! స్కూలుకు సెలవు పెట్టే పని లేకుండా అవన్నీ కాకే తెచ్చిపెట్టాడు. ఖర్చులు అడిగితే "అన్నీ ఒక్కసారే జూస్కుందాం సారూ" అన్నాడు.

కార్తీక మాసంలో, నవంబర్ మొదట్లో, మా ఇంట్లోనే అగ్రిమెంట్. వంద రూపాయల స్టాంపు పేపరు. బయానా, అంటే అడ్వాన్స్, లక్ష. మూడు నెలల గడువు. గడువులో మిగతా సొమ్ము కట్టకపోతే బయానా తిరిగి ఇవ్వబడదు, అమ్మేవాళ్లు వెనక్కి తగ్గితే రెండింతలు ఇవ్వాలి అని మామూలుగా అందరూ రాసుకునే మాటలే రాసుకున్నారు. అమ్మినవారి సంతకం, కొన్నవారి సంతకం, కింద ఇద్దరు సాక్షులు. మొదటి సాక్షిగా లూనా కాక సంతకం పెట్టాడు. మార్కెట్‌లో వేలసార్లు పెట్టి అరిగిపోయిన సంతకం, పేరులో ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేం. ఆ రెండు పేజీల్లో కమీషన్ ఊసే లేదు. ఇటు రెండు శాతం, అటు రెండు శాతం అని అంతకు ముందే నోటిమాటగా అనుకున్నారు, అంతే. బయానా రోజు సగం, రిజిస్ట్రేషన్ రోజు సగం తీసుకునే దలాలీలు ఉంటారు. కాక అడగలేదు. సారు దగ్గర అడగడమేంటని ఆయన మొహమాటం. అడగలేదు కాబట్టి బాపూ ఇవ్వలేదు.

ఇది నవంబర్ మొదట్లో. ఆ నెలాఖరుకు, 29న, కేసీఆర్ నిరాహార దీక్షకు బయలుదేరడం, కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు కావడం జరిగాయి. ఆ తర్వాత కేయూలో క్లాసులు ఎక్కడివి! మా డిపార్ట్‌మెంట్ ముందు చెట్ల కింద రోజూ మీటింగ్. డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ నుంచి, తెలంగాణ ఇస్తామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చినప్పుడు మా వాడకట్టులో అర్ధరాత్రి టపాకాయలు కాల్చారు. బాపు గేటు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, అందరితో పాటు "జై తెలంగాణ" అన్నాడు. బాపు అంత గట్టిగా అరవగలడని నాకు అప్పుడే తెలిసింది. రెండు వారాలు తిరిగేసరికి 23న మళ్లీ మాట మార్చారు. ఇక బంద్‌లు, రాస్తారోకోలు, వంటా వార్పులు. రోడ్డు మీద పొయ్యి పెట్టి వండిన ఆ అన్నం రుచి నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజుల గురించి రాయాలంటే వేరే రాయాలి. ఇక్కడ సంగతి ప్లాటుది.

సంక్రాంతి దాకా పార్టీ ఫోనెత్తింది. "బ్యాంక్ లోన్ ప్రాసెస్‌లో ఉంది" అనేది. సంక్రాంతి తర్వాత మామగారే మాట్లాడటం మొదలుపెట్టాడు. రాష్ట్రం వస్తదో రాదో, వస్తే హైదరాబాద్ ఎవరికి పోతదో, అల్లుడి కంపెనీ ఉంటదో పోతదో, ఇవన్నీ తేలకుండా భూమి మీద ఎట్ల పెడతం అన్నాడు. ఆయన్ను తప్పు పట్టలేం, అప్పుడు అందరి నోటా అదే మాట. 2010 ఫిబ్రవరి 3న, రాష్ట్రం సంగతి చూడమని శ్రీకృష్ణ కమిటీ వేశారు. మా అగ్రిమెంట్ గడువు సరిగ్గా ఆ రోజుల్లోనే ముగుస్తోంది. మామగారు లూనా కాకకు చెప్పిన ఆఖరి మాట: "కమిటీ రిపోర్టు రానీయండి, చూద్దాం." భీమారంలో 267 గజాల గతి సుప్రీంకోర్టు మాజీ జడ్జి చేతిలో పడింది.

పెళ్లి మాత్రం కమిటీ కోసం ఆగదు కదా. బాపు చిట్టి పాడాడు. రెండు లక్షల చిట్టికి లక్షన్నర కూడా చేతికి రాలేదు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. మేనమామ కొంత సర్దాడు. పెళ్లి బాగానే జరిగింది. లూనా కాక పెళ్లికి వచ్చాడు, భోజనాల దగ్గర నిలబడి పప్పు వడ్డించాడు. కమీషన్ మాట అప్పుడు ఎత్తలేదు. ఎత్తింది పెళ్లయిన నెలకు.

బయానా లక్ష బాపు అకౌంట్‌లో అలాగే ఉంది. పెళ్లికి చిట్టి పాడి నష్టపోయాడు గానీ ఆ లక్ష ముట్టుకోలేదు. అది ఎవరిదో ఇంకా తేలలేదని ఆయన లెక్క. అది కాకకూ తెలుసు. పుట్టింటికి వచ్చి నేను అక్కడే ఉన్నాను, కాబట్టి ఆ సంభాషణ మొత్తం విన్నాను.

"సారూ, మన లెక్క జర జూస్తరా" అని మొదలుపెట్టాడు కాక.

"ఏం లెక్కనే అన్నా? అమ్మకమే కాలే కదా. ప్లాటు నా పేరు మీదనే ఉన్నది" అన్నాడు బాపు.

"ప్లాటూ మీ తాననే ఉన్నది, లక్షా మీ తాననే ఉన్నది. నా తాన ఏమున్నది సారూ?"

బాపుకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ లక్ష నష్టపరిహారం అన్నాడు. మూడు నెలలు ప్లాటు ఆగిపోయింది, మధ్యలో గజానికి ఇంకో వంద ఎక్కువిస్తామని వచ్చిన వేరే పార్టీని మాట ప్రకారం వెనక్కి పంపాం, చిట్టి నష్టం వచ్చింది అని ఒక్కొక్కటే చెప్పాడు. కాక అన్నీ విన్నాడు. ఆ వేరే పార్టీని వెనక్కి పంపింది కూడా నేనే కదా సారూ అన్నాడు. అదీ నిజమే.

అప్పుడాయన మార్కెట్ భాషలోకి దిగాడు. ఎనుమాములలో రైతు పత్తి తెస్తాడు, పాట (వేలం) అవుతుంది, కాంటా (తూకం) అవుతుంది, తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) రాస్తారు. అడ్తి కమీషన్ ఆ తక్‌పట్టీ మీదనే కట్ అయిపోతుంది. ఆ పత్తిని కొన్న సేటు మిల్లుకు తోలుకున్నాడా, వానలో తడిపాడా అన్నది అడ్తికి పనిలేదు. "బయానా అయ్యిందంటే కాంటా అయినట్టే సారూ. కాంటా అయినంక కమీషన్ ఆగుతదా ఎక్కడన్న?"

బాపు ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఊరుకుంటాడా! "కాంటా కాలేదన్నా. పాటనే అయ్యింది. పాట పాడి కాంటాకు రాకుండ పోయిండు నీ సేటు."

కాక నవ్వాడు. బాపు నవ్వలేదు. టీ తాగి వెళ్లిపోయాడు కాక.

కమీషన్ లెక్క 16,020 రూపాయలు. మాకు అదేమీ చిన్న సొమ్ము కాదు, ఆయనకు అసలే కాదు. కొనేవాళ్ల వైపు నుంచి రావాల్సిన ఇంకో 16,020 సంగతి అడిగితే "ఫోనెత్తుతలేడు బిడ్డా" అన్నాడు నాతో.

అదాలత్‌లో ప్రాక్టీసు చేసే చుట్టం ఒకాయన ఉంటే బాపు అగ్రిమెంట్ పట్టుకుపోయి చూపించాడు. ఆయన చూసి, ఈ కాగితం ప్రకారం ఇతను సాక్షి మాత్రమే, దలాలీ అని ఎక్కడా లేదు అన్నాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 219 సెక్షన్ ఉందట: వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఒప్పుకున్న పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం చెల్లించాలి. బాపు మొహం వెలిగింది. కానీ వకీలు అక్కడ ఆగలేదు. "ఆయన ఒప్పుకున్న పని ఏందన్నదే ప్రశ్న బావా. పార్టీని తెచ్చి అగ్రిమెంట్ చేయించుడా, రిజిస్ట్రేషన్ చేయించుడా? మీరిద్దరు ఏమనుకున్నరు?" అన్నాడు. ఏమీ అనుకోలేదు. రెండు శాతం అనుకున్నారు, ఎప్పుడన్నది అనుకోలేదు. ఇద్దరికీ ఎవరికి అనుకూలమైన రోజు వాళ్ల మనసులో ఉంది.

ఇంటికొచ్చాక బాపు ఆ సెక్షన్‌లో మొదటి సగమే మాకు చెప్పాడు. వకీలు అడిగిన ప్రశ్న సంగతి అమ్మకు తర్వాత ఎప్పుడో తెలిసింది, అదీ ఆ వకీలు భార్య ద్వారా.

నా వరకు నేను కాక వైపే. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అమ్మకం చెడింది ఆయన వల్ల కాదు. తుమ్మ కొట్టాడు, ముగ్గు పోశాడు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు, బేరం తెంపాడు. ఆ లక్ష మా అకౌంట్‌లోకి వచ్చిందే ఆయన నడిచి తెచ్చిన మనిషి చేతి నుంచి. పొలిటికల్‌గా ఢిల్లీలో ఏదో జరిగితే దాని నష్టం మాకు లక్షతో పూడింది, కొనేవాడికి లక్షతో పోయింది, ఈయనకు మాత్రం మొత్తానికి మొత్తం పోవాలంటే అదేం న్యాయం? బాపుతో అంటే "నువ్వు ఇప్పుడు వేరే ఇంటిదానివి, నీకు తెల్వది" అన్నాడు. అది ఆయనకు జవాబు లేనప్పుడు మాట్లాడే తీరు.

కాక గొడవ చేసే రకం కాదు. నెల మొదటి వారంలో, జీతాలు పడ్డాక, ఒకసారి వచ్చేవాడు. గేటు బయట లూనా ఆపి, చెప్పులు విడిచి, వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. "మంచిగున్నరా సారూ" అనేవాడు. వానల గురించి, పత్తి రేటు గురించి, ఉద్యమం గురించి మాట్లాడేవాడు. టీ తాగేవాడు. లేచేటప్పుడు "మరి నేను వోతున్న సారూ" అని ఒక్క క్షణం ఆగేవాడు. ఆ ఒక్క క్షణమే అడగడం. బాపు పేపర్లోంచి తలెత్తకుండా "మంచిది అన్నా" అనేవాడు. అరిచి అడిగితే ఎదురు అరవవచ్చు. ఇలా వచ్చి కూర్చుంటే ఏం చేస్తారు! బాపుకు నెల మొదటి వారమంటే టెన్షన్ పట్టుకుంది. ఒకసారి కాక వచ్చే వేళకు కావాలనే కూరగాయలకు పోయాడట. కాక అమ్మతో కూర్చొని చిక్కుడుకాయ గిల్లిపెట్టి పోయాడు.

"పేదోని ఉసురు మనకెందుకు, ఎంతో కొంత ఇచ్చెయ్యి" అని అమ్మ. "ఎంతో కొంత అంటే ఎంత? దేని లెక్కన?" అని బాపు. లెక్కల సారుకు ఎంతో కొంత అనే సంఖ్య లేదు.

ఇంతలో కొన్నాయన తరఫు నుంచి ఒక కజిన్ వచ్చాడు. లక్ష తిరిగి ఇవ్వండి, పరిస్థితులు మీకూ తెలుసు కదా అని. అగ్రిమెంట్ చూపించి బాపు పంపేశాడు. నెల తర్వాత ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు, సగమన్నా ఇవ్వండి అని. ఇక్కడే లూనా కాక ఎవరూ ఊహించని పని చేశాడు. కొన్నాయన తరఫున బాపుతో మాట్లాడటం మొదలుపెట్టాడు! ఎంతో కొంత తిరిగి ఇచ్చెయ్యండి సారూ, పిల్లగాడు ఈఎంఐలు కట్టుకునేటోడు అని. బాపుకు అనుమానం వచ్చింది, వీళ్లిద్దరూ ఒకటైపోయారా అని. అమ్మ అసలు సంగతి పట్టుకుంది. వాళ్లకు బాపు డబ్బు తిరిగి ఇస్తేనే కదా, వాళ్ల వైపు కమీషన్ కాక కళ్ల ముందుకొచ్చేది. ఫోనెత్తని మనిషి దగ్గర వసూలు చేసుకోవాలంటే ఆ మనిషికి రావాల్సిన పైసలు నడిచే దారిలో నిలబడాలి. మార్కెట్‌లో చదువుకున్న చదువు అది.

శ్రీకృష్ణ కమిటీ రిపోర్టు 2011 జనవరి మొదట్లో బయటకు వచ్చింది. ఆరు ఆప్షన్లు. ఏదీ మన వాళ్లకు నచ్చలేదు, మళ్లీ బంద్‌లు. ఆ వారంలోనే కాక వచ్చాడు. పండక్కి వచ్చి నేనూ ఉన్నాను. ఎప్పటిలా కూర్చొని, టీ తాగి, లేచి నిలబడి, ఈసారి క్షణం ఆగి ఊరుకోలేదు.

"కమిటోళ్లకు ఆరు ఆప్షన్లు దొరికినయి సారూ. మీకు ఒక్కటన్న దొరకలేదా?"

బాపు పేపరు పక్కన పెట్టేశాడు. ముందు కోపం వచ్చినట్టే ఉంది, తర్వాత పొట్ట పట్టుకొని నవ్వాడు. ఇన్ని నెలలుగా ఆ వరండాలో బిగుసుకుపోయినదంతా ఆ ఒక్క మాటతో వదులైంది.

ఆ ఆదివారం బాపు పాత హెడ్మాస్టర్ ఇంట్లో, కిషన్‌పురాలో, కూర్చున్నారు. కజిన్ కుర్రాడు కూడా వచ్చాడు. పెద్దసారు మొదట అందరినీ చెప్పమన్నాడు, తర్వాత ఎవరినీ మాట్లాడొద్దన్నాడు. తెగింది ఏంటంటే: లక్షలో నలభై వేలు కొన్నాయనకు తిరిగి ఇవ్వాలి. అమ్మకం సగంలో ఆగింది కాబట్టి కమీషన్ కూడా సగం. ఇటు సగం బాపు ఇవ్వాలి, అటు సగం ఆ నలభై వేలలోంచి కట్. కుర్రాడు గునిశాడు గానీ, మొత్తం పోయిందనుకున్న దాంట్లో ముప్పై చిల్లర వేలు వస్తుంటే కాదనలేకపోయాడు.

బాపు 8,010 రూపాయలు లెక్కపెట్టి కవర్లో పెట్టాడు. ఎనిమిది వేలు ఇస్తే చాలు సారూ అన్నాడు కాక. కుదరదు. 16,020లో సగం ఎంతో అంతే. ఆ పది రూపాయల నోటు కోసం తమ్ముడు కింద కిరాణా దుకాణానికి పరిగెత్తాడు.

నాకు బాగా గుర్తున్నది ఆ తర్వాత జరిగింది. పెద్దసారు ఇంటి మెట్ల మీదే కాక రెండు కవర్లూ విప్పాడు. అప్పటికే బయట ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకాయన కేయూ క్రాస్ రోడ్డు దగ్గర పాన్ డబ్బా నడిపేవాడు, ఇట్లా హైదరాబాద్ పిల్లగాడు ప్లాటు వెతుకుతున్నాడని మొదట చెప్పింది ఆయనే. ఇంకొకాయన నర్సంపేట నుంచి వచ్చాడు, మామగారిని ఎరిగినవాడు. ఇద్దరికీ చెరో ఐదు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. వాళ్లు ఏడాదిగా కాక ఇంటికి తిరుగుతున్నారట! మా వరండాలో కాక కూర్చున్నట్టే ఆయన వరండాలో వాళ్లు. ఆయనకు మిగిలింది 6,020. ఈసీలకు, నకళ్లకు, పెట్రోలుకు పెట్టింది అందులోంచే తీసుకోవాలి.

బాపు అది చూశాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మతో, "ఈసీ ఖర్చులు వేరేగ అడగొచ్చు గదా ఆయన" అని గొణిగాడు. అడిగితే ఇచ్చేవాడా అంటే, ఏమో.

మిగిలిన డబ్బు బాపు దగ్గర ఎక్కువ రోజులు లేదు. ఆ సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు సాగింది. టీచర్లు కూడా సమ్మెలో ఉన్నారు, జీతం ఆగింది. బయానాలో మిగిలినవే ఇల్లు నడిపాయి. రాష్ట్రం కోసం ఆగిపోయిన బేరం తాలూకు డబ్బులు రాష్ట్రం కోసమే ఖర్చయ్యాయని బాపు అందరికీ చెప్పుకునేవాడు, కొంచెం గర్వంగానే.

ఇప్పుడు రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) వచ్చింది, ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలంటున్నారు. కానీ అది ప్రాజెక్టులకు, కొత్త వెంచర్లకు. ఒక సారు ఇంకొకరికి పాత ప్లాటు అమ్ముకునే మా లాంటి బేరానికి ఇప్పటికీ నోటిమాటే. మొన్న మా ఆయన తరఫు వాళ్లు కాజీపేటలో ఇల్లు అమ్ముతుంటే, బేరం చెడితే కమీషన్ సంగతి ఏంటో ముందే కాగితం మీద రాసుకోండి అన్నాను. అపశకునం మాట్లాడకు అన్నారు. రాసుకోలేదు.

ప్లాటు అమ్మలేదు, తర్వాత తమ్ముడు అందులోనే ఇల్లు కట్టుకున్నాడు. కానీ కట్టకముందు, 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు, లూనా కాక ఒక రోజు పొద్దున్నే వచ్చాడు. లూనా పోయి సెకండ్ హ్యాండ్ స్కూటీ వచ్చింది, మేము మాత్రం పేరు మార్చలేదు. వెనకాల కారులోంచి దిగింది ఎవరనుకున్నారు? అదే మామగారు! రాష్ట్రం తేలింది కదా, ఇప్పుడు కొంటామని. అదీ పాత రేటుకే, మూడు వేలకే. పైగా అప్పటి బయానాలో మీరు ఉంచుకున్నది ఇందులో తగ్గించుకోవాలట.

బాపు కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు, ఇప్పుడు భీమారంలో గజం ఎంత పలుకుతుందో చెప్పాడు. మామగారు టీ సగం తాగి లేచాడు. బేరం పది నిమిషాల్లో చెడింది.

ఆయన్ను కారు ఎక్కించి వచ్చి కాక గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఈ పది నిమిషాలకు ఏం అడుగ లే సారూ" అన్నాడు. "చెల్లె, ఇంకో కప్పు టీ పొయ్యి."